చిన్నాడి కోసం ట్రస్టు రాసేముందు

చిరంజీవి మేనల్లుడికి, గుంటూరు నుంచి మావయ్య ఆశీస్సులు.

పటమట ఇల్లు, బ్యాంకు డిపాజిట్లు చిన్నాడి పేర పెట్టాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. అలా చేయకు. బుద్ధిమాంద్యం ఉన్న పిల్లాడు ఆస్తి ఎలా చూసుకుంటాడు? పెద్దాడి పేర రాసి "తమ్ముణ్ణి చూసుకోరా" అనడమూ వద్దు. వాడు మంచివాడే, కానీ వ్యాపారం దెబ్బతింటే అప్పులవాళ్లు ఆ ఇల్లు ఎవరి కోసమని అడగరు.

ఇలాంటి చోట పనికొచ్చేది డిస్క్రిషనరీ ట్రస్టు. ఆస్తి ట్రస్టీలకు, అంటే పిల్లల తరఫున దాన్ని చూసుకునేవాళ్లకు, అప్పగిస్తావు. లబ్ధిదారులుగా పిల్లలిద్దరి పేర్లూ రాస్తావు, వాటాలు మాత్రం రాయవు. ఏ ఏడు ఎవరికెంత ఇవ్వాలో ట్రస్టీలే తేలుస్తారు. చిన్నాడి మందులకు ఎక్కువైతే ఎక్కువ, లేకపోతే మిగిలింది దాస్తారు. ఎవరికీ ఫలానా వాటా అని లేదు కాబట్టి పెద్దాడి అప్పులవాళ్లు దాన్ని జప్తు చేయించడం కష్టం. అయితే నీ సొంత అప్పులు ఎగ్గొట్టడానికి రాస్తే కోర్టులో నిలవదు. రద్దు చేసుకునే హక్కు నీ దగ్గరే ఉంచుకుంటే ట్రస్టుకొచ్చే ఆదాయాన్ని పన్నుకు నీ ఆదాయంగానే లెక్కేస్తారు.

ట్యాక్సు కలిసొస్తుందని ఎవరు చెప్పినా నమ్మకు. వాటాలు తేల్చని ట్రస్టుకు మామూలుగా గరిష్ఠ రేటే పడుతుంది. అంటే మొదటి రూపాయి నుంచే 30 శాతం, పైన సెస్సు. వీలునామా ద్వారా పెట్టినది, అదీ నువ్వు అలా పెట్టిన ఒకే ఒక్క ట్రస్టు అయితే ఆదాయాన్ని బట్టి పెరిగే మామూలు శ్లాబులే వర్తిస్తాయి. నీకు వీలునామాయే నయమని నా అభిప్రాయం. ఉన్నన్నాళ్లూ ఇల్లు నీ చేతిలోనే ఉంటుంది. ఇప్పుడే ట్రస్టు రాస్తే స్థిరాస్తి కాబట్టి రిజిస్ట్రేషన్ తప్పదు.

అసలు తలనొప్పి ట్రస్టీలతోనే. పెద్దాడొక్కణ్ణే పెట్టకు, తనకెంత తమ్ముడికెంత అన్నది వాడే తేల్చుకోవాల్సి వస్తుంది. ముగ్గురుండాలి, వాళ్లలో ఒకరు మన బంధువు కాని మనిషైతే మంచిది. ఒకరు పోతే ఆ చోటులోకి ఎవరు రావాలో, లెక్కలు ఎవరు చూడాలో రాయించు. పాత కాపీలో పేర్లు మార్చి ఇచ్చే డాక్యుమెంట్ రైటర్ దగ్గరికి మాత్రం పోకు, లాయరు చేతే రాయించు. చిన్నాడు ఏం తింటాడో, ఎవరి చేత్తో ఇస్తే మందు మింగుతాడో విడిగా ఒక ఉత్తరం రాసి పెట్టు. దానికి చట్టబలం లేదు, అయినా ట్రస్టీలకు దారి తెలుస్తుంది.

ఇంకొకటి. వాడికి 18 నిండాయి కాబట్టి చట్టం దృష్టిలో నువ్వు గార్డియన్‌వి కావు. బుద్ధిమాంద్యం లాంటి వైకల్యాలున్నవాళ్ల కోసం చేసిన 1999 నాటి నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లా స్థాయి కమిటీ ఉంటుంది, కలెక్టర్ అందులో ఉంటారు. నిన్ను వాడికి గార్డియన్‌గా నియమించమని అక్కడ దరఖాస్తు పెట్టు, దీనికి ఆలస్యం చేయకు.

ముసాయిదా తయారయ్యాక సంతకం పెట్టకముందే నాకు ఒకసారి చూపించు.

మీ మావయ్య