యాన్యువల్ ఫెయిలైతే మళ్లీ మొదటి నుంచి చేయించాలా?

మీ సెస్నా 172 విమానానికి యాన్యువల్ (ఏటా తప్పనిసరిగా చేయించాల్సిన తనిఖీ) చేసిన ఐఏ (ఆ తనిఖీకి సంతకం పెట్టే అధికారం ఉన్న మెకానిక్), బ్రేక్ లైనింగ్ అరిగిందని, ఒక ఏడీ (అమెరికా విమానయాన సంస్థ ఎఫ్‌ఏఏ ఇచ్చే తప్పనిసరి భద్రతా ఆదేశం) పాటించినట్టు ఆధారం లేదని సంతకం ఆపేశాడన్నారు. వేరే చోట మళ్లీ మొత్తం యాన్యువల్ చేయించాలేమోనని మీ టెన్షన్. అక్కర్లేదండీ.

ఎఫ్‌ఏఏ రూల్స్ ప్రకారం తనిఖీ పూర్తయితే పూర్తయినట్టే. తనిఖీ చేశాను, విమానం ఎయిర్‌వర్తీ (ఎగరడానికి తగినది) కాదు, లోపాల జాబితా ఓనర్‌కి ఇచ్చాను అని ఆయన తేదీ వేసి లాగ్‌బుక్‌లో రాయాలి. ఆ జాబితా మీద కూడా తేదీ, సంతకం ఉండాలి. ముందు అవి అడిగి తీసుకోండి. తర్వాత ఆ లోపాలను ఏ అండ్ పీ (విమానం బాడీ, ఇంజిన్ పనులకి లైసెన్స్) ఉన్న ఏ మెకానిక్ అయినా సరిచేసి సంతకం పెట్టొచ్చు, ఐఏనే కానక్కర్లేదు. ఆయిల్ మార్చుకున్నట్టు బ్రేక్ లైనింగ్ మీరే మార్చేసుకుందామనుకోకండి, ఓనర్ చేసుకోదగ్గ పనుల్లో అది లేదు.

అసలు తలనొప్పి ఏడీ. ఎయిర్‌ఫ్రేమ్ (విమానం బాడీ) లాగ్‌బుక్ ఒక్కటే తిరగేస్తే చాలదు, ఇంజిన్, ప్రొపెల్లర్ పుస్తకాలు కూడా చూడండి. నాకు కావాల్సిన ఎంట్రీ పాత ఇంజిన్ లాగ్‌బుక్ చివరి పేజీలో, ఆయిల్ మరకల కింద దొరికింది! ఓక్లహోమా సిటీలోని ఎఫ్‌ఏఏ రిజిస్ట్రీ నుంచి విమానం రికార్డులు తెప్పిస్తే పాత ఫారం 337లు (పెద్ద రిపేర్లు, మార్పుల రికార్డులు) వస్తాయి. ఎక్కడా దొరక్కపోతే ఆ పని జరిగిందని మెకానిక్ చూసి తేల్చాలి, లేదంటే మళ్లీ చేయించాల్సిందే.

రిపేర్‌కి వేరే ఎయిర్‌పోర్ట్‌కి ఎగరాలంటే మాత్రం ముందు ఎఫ్‌ఎస్‌డీఓ (ఎఫ్‌ఏఏ స్థానిక ఆఫీసు) నుంచి ఫెర్రీ పర్మిట్ (ఆ ప్రయాణానికి ప్రత్యేక అనుమతి) తీసుకోండి. ఇన్సూరెన్స్ వాళ్లకీ ఓ ఫోన్ కొట్టండి.