డార్క్ థీమ్‌లో బాగున్న కోడ్ ప్రింట్‌లో ఎందుకు మాయమవుతుంది?

మీ ప్రశ్న: కోడ్ రాసుకునే ఎడిటర్ వీఎస్ కోడ్‌లో డార్క్ థీమ్‌లో చక్కగా కనిపించే పైథాన్ కోడ్‌ని ప్రాజెక్ట్ రికార్డు కోసం వర్డ్‌లో పేస్ట్ చేసి, అమీర్‌పేటలో ప్రింట్ తీయిస్తే సగం అక్షరాలు కనబడటం లేదు.

జిరాక్స్ షాపు వాళ్ల తప్పేం లేదు. కాపీ చేసినప్పుడు అక్షరాలతో పాటు ఆ క్షణంలో ఉన్న థీమ్ రంగులు కూడా వెళ్తాయి. నల్లటి బ్యాక్‌గ్రౌండ్ మీద చదవడానికి ఎంచిన లేత పసుపు, లేత బూడిద రంగులు ఆ బ్యాక్‌గ్రౌండ్ పోగానే తెల్ల కాగితంలో కలిసిపోతాయి.

అందుకే కాపీకి ముందే కంట్రోల్ కే, ఆ వెంటనే కంట్రోల్ టీ నొక్కి లైట్ థీమ్‌కి మారండి, పనయ్యాక మళ్లీ మీ డార్క్ మీరు పెట్టుకోవచ్చు. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్ అయితే లైట్ హై కాంట్రాస్ట్ థీమే నయం, ఎందుకంటే మామూలు లైట్ థీమ్‌లలో కూడా కొన్ని రంగులు బూడిదగా మారి వెలిసిపోతాయి.

అసలు రంగులే రావట్లేదా? వర్డ్‌లో పేస్ట్ చేసేటప్పుడు కీప్ టెక్స్ట్ ఓన్లీ కాకుండా కీప్ సోర్స్ ఫార్మాటింగ్ ఎంచుకోండి. అప్పటికీ రాకపోతే వీఎస్ కోడ్ సెట్టింగ్స్‌లో కాపీ విత్ సింటాక్స్ హైలైటింగ్ టిక్ ఉందో లేదో చూడండి.

హెచ్‌టీఎంఎల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి క్రోమ్ నుంచి ప్రింట్ ఇస్తున్నా ఇదే తంటా, అక్కడ మోర్ సెట్టింగ్స్‌లో బ్యాక్‌గ్రౌండ్ గ్రాఫిక్స్ టిక్ చేయకపోతే వెనక రంగు రాదు. టిక్ చేస్తే వస్తుంది గానీ పేజీ నిండా నల్ల ఇంకే, రికార్డుకి అది వద్దు.