ఐరన్ మాత్రలు మానేస్తే హెచ్. పైలోరీ చస్తుందా?

ప్రశ్న: నేను 47 ఏళ్ల పురుషుడిని. ఎండోస్కోపీలో కడుపులో హెచ్. పైలోరీ అనే బ్యాక్టీరియా ఉందని చెప్పి 14 రోజుల మందులు రాశారు. ఆరో రోజుకే కడుపులో మంట తగ్గడంతో ఆపేశాను. హిమోగ్లోబిన్ 8.9 ఉంది. బ్యాక్టీరియా ఇనుమును ప్రోటీన్లలో దాచుకుంటుందని చదివాను. ఐరన్ మాత్రలు మానేస్తే అది ఆకలితో చస్తుందా? మోకాళ్ల నొప్పికి అప్పుడప్పుడు మందుల షాపులో మాత్రలు తెచ్చుకుంటాను.

జవాబు: మీరు చదివింది నిజమే కానీ, దాన్నిబట్టి మాత్రలు మానేయాలనుకోవడం సరికాదు. ఇనుము బ్యాక్టీరియాకు ఎంత అవసరమో అంత ప్రమాదకరం కూడా. కణంలో విడిగా తిరిగే ఇనుము హైడ్రోజన్ పెరాక్సైడ్‌తో కలిస్తే పుట్టే ఫ్రీ రాడికల్స్ డీఎన్‌ఏను దెబ్బతీస్తాయి. అందుకే బ్యాక్టీరియా దాన్ని బోలు బంతుల్లాంటి ప్రోటీన్లలో బంధిస్తుంది. 24 భాగాలతో ఏర్పడే ఫెరిటిన్‌లో దాదాపు 4,500 ఇనుము పరమాణువులు పడతాయి. 12 భాగాలుండే డీపీఎస్ అనే మరో ప్రోటీన్‌లో 500 వరకు పడతాయి. ఈ.కోలై అనే మరో బ్యాక్టీరియాలో పోషకాలు కరవైనప్పుడు డీపీఎస్ ఉత్పత్తి బాగా పెరిగి, డీఎన్‌ఏను అంటిపెట్టుకుని కాపాడుతుంది. అంటే కరవుకు అది ముందే సిద్ధపడి ఉంటుందన్నమాట. హెచ్. పైలోరీలోనూ ఈ రెండు కుటుంబాల ప్రోటీన్లు ఉన్నాయి. డీపీఎస్ కుటుంబానికి చెందినది మన తెల్ల రక్తకణాలను రెచ్చగొట్టి వాపును కూడా పెంచుతుంది. కాబట్టి మాత్రలు మానేస్తే పస్తులుండేది బ్యాక్టీరియా కాదు, మీరే.

మిమ్మల్ని పరీక్షించకుండా ఖాయంగా చెప్పలేను గానీ, నన్ను కలవరపెడుతున్న విషయం వేరే ఉంది. ఈ వయసు పురుషుడిలో హిమోగ్లోబిన్ 8.9కి పడిపోయిందంటే, జీర్ణకోశంలో ఎక్కడో రక్తం కారుతోందేమోనని ముందుగా అనుమానించాలి. అవసరమైతే మీ డాక్టరు పెద్దపేగు పరీక్ష కూడా చేయించమంటారు. హెచ్. పైలోరీ ఉన్నవారు నొప్పి మాత్రలు వాడితే పుండు పడి రక్తస్రావమయ్యే ముప్పు పెరుగుతుంది కనుక వాటిని ఈరోజే ఆపండి. ఐరన్ మాత్రలతోనూ మలం నల్లబడుతుంది, అందువల్ల రక్తస్రావాన్ని గమనించకపోయే అవకాశం ఉంది. మలం తారులా జిగురుగా, దుర్వాసనతో ఉన్నా, కళ్లు తిరిగినా వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

యాంటీబయాటిక్స్‌ను ఆరో రోజున ఆపడం మాత్రం పెద్ద పొరపాటు, ఇది నేను వారానికి నలుగురైదుగురికైనా చెప్పే మాటే. మంట తగ్గినంత మాత్రాన సూక్ష్మజీవి పోయినట్టు కాదు, పైగా మిగిలినది ఆ మందులకు లొంగకపోవచ్చు. ఇంట్లో మిగిలిన మాత్రలతో కోర్సును మీరే తిరిగి మొదలుపెట్టకండి. ఎన్ని రోజులు వాడారో దాచకుండా మీ డాక్టరుకు చెప్పండి, మందులు మార్చవలసి రావచ్చు. కొత్త కోర్సు పూర్తయిన నాలుగు వారాలకైనా ఆగి, శ్వాస పరీక్ష లేదా మల పరీక్షతో ఇన్ఫెక్షన్ పోయిందో లేదో నిర్ధారించుకోండి. ఆ పరీక్షకు రెండు వారాల ముందు నుంచి గ్యాస్ మాత్రలు ఆపాలా అన్నది కూడా ఆయన్నే అడగండి.