లైనప్‌లో పేరు లేని రోజు గురించి, బుజ్జమ్మకు

బుజ్జమ్మా,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసి "అక్కా, స్కాలర్‌షిప్ లేకపోయినా ఇది ఏథెన్స్ వెళ్లి జార్జియా యూనివర్సిటీ జిమ్నాస్టిక్స్ టీమ్‌లోనే చేరతానంటోంది, నువ్వే చెప్పాలి దీనికి" అంది. వెళ్లమని చెప్పాలో వద్దని చెప్పాలో మాత్రం చెప్పలేదు. దానికీ తెలియదు పాపం. ఫోన్ పెట్టేశాక గిన్నెలు తోముతూ ఒక్కదాన్నే నవ్వుకున్నాను, ఆ తర్వాత ఎందుకో చాలాసేపు కుళాయి కట్టేయకుండా నిలబడిపోయాను. మీ పెదనాన్న వచ్చి కట్టేశారు.

తెలుగులోనే రాస్తున్నా. మనబడిలో అన్నేళ్లు కూర్చున్నావు కదా, చదువు. అర్థం కాని మాట వస్తే అమ్మను అడుగు.

మీ అమ్మకు అరగంట క్లాసు తీసుకున్నాను. ఎస్ఈసీ అంటే పదో తరగతి అనుకుంది! కాదే తల్లీ, అది ఎస్ఎస్‌సీ, ఇది ఆగ్నేయ రాష్ట్రాల కాలేజీల కూటమి, వాళ్లలో వాళ్లకు మార్చిలో పోటీ, దేశమంతా కలిసి ఆడేది ఏప్రిల్‌లో అని చెప్పాను. వాక్-ఆన్ అంటే ఫీజు మనం కట్టుకుని, చెమట వాళ్లకు ధారపోయడం అన్నాను. అది నవ్వలేదు.

ముందు చిన్న విషయాలు. అడ్మిషన్ సంగతి తేల్చుకో, టీమ్ సంగతి ఆ తర్వాత. కోచ్‌లకు పంపే వీడియోలో పాటలు పెట్టకు, ఎడిటింగ్ వద్దు, ల్యాండింగ్ కట్ చేయకుండా చూపించు. ఇన్సూరెన్స్ కాగితాలు నాన్నతో కూర్చుని పూర్తిగా చదువు. ఇంకొకటి, 2025లో వచ్చిన కొత్త పద్ధతి ప్రకారం దానికి ఒప్పుకున్న కాలేజీల్లో టీమ్‌కి 20 మందే, ఇదివరకట్లా వాక్-ఆన్‌లను కలుపుకుంటూ పోవడం కుదరదు, అందుకని "చూద్దాంలే" అనే మాటను "సరే" అనుకోకు, రాతపూర్వకంగా అడుగు. అంతే, ఇవన్నీ నీకు తెలిసినవే.

ఇక నువ్వు మీ అమ్మతో అన్నావట, "2008 తర్వాత జార్జియాకి ఎస్ఈసీ టైటిల్ రాలేదు, మేము తెస్తాం" అని. ఆ మాట దగ్గరే నాకు గుండె ఝల్లుమంది. గర్వంతో సగం, భయంతో సగం.

నేను 1995లో అట్లాంటా వచ్చాను. ఏథెన్స్‌లో ఆ కాలేజీ వాళ్ల హాలు స్టెగ్‌మన్ కొలీజియంలో మొదటిసారి అడుగుపెట్టింది 1996లో, ఒలింపిక్స్ రిథమిక్ జిమ్నాస్టిక్స్ అక్కడే పెడితే చూడ్డానికి. ఆ ఏడాదే ఆ కాలేజీ అమ్మాయి కారిన్ లిచీ నాలుగు ఈవెంట్లలోనూ పదికి పది, మొత్తం 40కి 40 కొట్టింది, ఎన్‌సీఏఏలో, అంటే దేశం మొత్తం కాలేజీ పోటీల్లో, అదే మొదటిసారి. నేను చూడలేదు, నైట్ షిఫ్ట్. ఆ తర్వాత మాత్రం వదల్లేదు. పదివేల మంది పట్టే హాల్లో, అమ్మాయిల జిమ్నాస్టిక్స్‌కి, టికెట్ కొనుక్కుని జనం వస్తున్నారని మా అమ్మకు ఉత్తరం రాస్తే నమ్మలేదు. ఎల్బీ స్టేడియంలో మేము ప్రాక్టీసు చేసేటప్పుడు చూడ్డానికి వచ్చేది వాచ్‌మన్, ఆయన కూతురు, అప్పుడప్పుడూ ఒక పిల్లి.

సుజాన్ యోకులన్ అని, ఆవిడ కోచ్‌గా 26 సీజన్లు జార్జియా టీమ్‌ని నడిపింది. జాతీయ టైటిళ్లు 10, ఎస్ఈసీ టైటిళ్లు 16. ఎదురుగా అలబామాలో సారా పాటర్సన్. వీళ్లిద్దరి టీమ్‌లు తలపడుతుంటే మన పక్కింటి, ఎదురింటి వాళ్లకు నీళ్ల పంపు దగ్గర జరిగేదే గుర్తొచ్చేది నాకు, కాకపోతే వీళ్ల దగ్గర చప్పుడంతా స్టాండ్స్‌లో. 2007లో ఎస్ఈసీ ఫ్లోరిడా ఎగరేసుకుపోయింది, జాతీయ టైటిల్ జార్జియాకే వచ్చింది. 2009లో ఎస్ఈసీ అలబామా గెలిచింది, అదే అలబామాను నెబ్రాస్కాలో వెనక్కి నెట్టి జార్జియా వరసగా అయిదోసారి దేశంలో మొదటిది అయింది. నేను ఇంట్లో కంప్యూటర్‌లో స్కోర్లు రిఫ్రెష్ చేసుకుంటూ కూర్చున్నాను, ఉప్మా మాడిపోయింది.

ఆ వెంటనే ఆవిడ రిటైర్ అయింది. 2010లో జాతీయ పోటీలకు అసలు అర్హతే రాలేదు. తర్వాత ఎస్ఈసీ టైటిల్ 2025 దాకా అలబామా, ఫ్లోరిడా, ఎల్ఎస్‌యూ (లూసియానా స్టేట్), ఈ ముగ్గురే పంచుకున్నారు, 2020లో కోవిడ్ వల్ల పోటీయే లేదు. ఇక్కడ తమాషా చూడు, యోకులన్ తర్వాత జార్జియాకి కోచ్‌గా వచ్చి మూడేళ్లకే వెళ్లిపోయిన జే క్లార్క్, 2024లో ఎల్ఎస్‌యూకి ఎస్ఈసీతో పాటు వాళ్ల మొట్టమొదటి జాతీయ టైటిల్ కూడా తెచ్చిపెట్టాడు. అదే కోర్ట్‌నీ కుపెట్స్, ఆ బంగారు రోజుల్లో జార్జియాకి ప్రాణం పోసిన అమ్మాయి, తను కోచ్‌గా ఏడు సీజన్లు కష్టపడినా ఎస్ఈసీ రాలేదు. ఇప్పుడు సిమోన్ బైల్స్‌కి నేర్పిన సెసీల్ లాండీ, ర్యాన్ రాబర్ట్స్ కలిసి చూస్తున్నారు. పైగా ఓక్లహోమా కూడా వచ్చి ఇదే గుంపులో చేరింది. అంత పెద్దవాళ్ల వల్లే కానిది నీ పద్దెనిమిదేళ్ల భుజం మీద ఎవరు పెట్టారే? హాల్లో వేలాడే ఆ బ్యానర్లు చూడు, దండం పెట్టుకో, తర్వాత తల దించి చేతులకు చాక్ పొడి పూసుకో.

ఇప్పుడు అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా ఇంతవరకూ చెప్పలేదు.

1983 డిసెంబరు. అంతర విశ్వవిద్యాలయ పోటీలు, ఉత్తరాదిన ఒక ఊళ్లో. రెండు రాత్రుల రైలు, హోల్డాళ్లు, ఏడుగురం అమ్మాయిలం, ఒక సారు. మాకూ మీ లెక్కే, ఆరుగురు దిగితే ఐదుగురి మార్కులు కలుపుతారు. ఒకరు పడితే ఆ మార్కు పారేయొచ్చు, ఇద్దరు పడితే ఒకటి మోయక తప్పదు. ముందురోజు సాయంత్రం సారు వరండాలో నిలబడి బీమ్ లిస్టు, అంటే ఆ సన్నటి దూలం మీద ఎవరెవరు చేయాలో, చదివారు. ఆరు పేర్లు. నాది లేదు. ప్రాక్టీసులో నేను ఆ ఆరుగురిలో ఇద్దరికన్నా బాగా చేస్తున్నానని నాకు గట్టి నమ్మకం, ఇప్పటికీ ఆ నమ్మకం పోలేదు, అది వేరే విషయం. ఆ రాత్రి అన్నం తినలేదు. పొద్దున జడ వేసుకోలేదు. లియోటార్డ్ మీద సల్వార్ కమీజు, దాని మీద స్వెటర్, పైన శాలువా. నా ఈవెంట్ కాదు కదా నాకేంటి అని వార్మప్‌కి కూడా దిగలేదు, వేరే యూనివర్సిటీ అమ్మాయిలతో హాలు బయట ఎండలో కూర్చుని ఆలూ పకోడీ తింటున్నాను. కాగితం పొట్లంలో, వేడివేడిగా.

జూనియర్ పిల్ల పరిగెత్తుకుంటూ వచ్చింది. "అక్కా, సార్ పిలుస్తున్నారు, తొందరగా!" మొదట దిగాల్సిన అమ్మాయి వార్మప్‌లో డిస్మౌంట్ దిగుతూ చీలమండ మెలితిప్పుకుంది. నేను వెళ్లేసరికి వార్మప్ టైమ్ అయిపోయింది. శాలువా, స్వెటర్, సల్వార్ అన్నీ అక్కడే ఊడదీసి పడేసి, జుట్టు రబ్బరు బ్యాండుతో బిగించి, చాక్ డబ్బాలో చేతులు పెట్టాను. వేళ్లకు పకోడీ నూనె. చాక్ పొడి అంటలేదు, ముద్దైపోయింది, బియ్యప్పిండి తడిసినట్టు. లంగోటాకు తుడుచుకునే మగపిల్లల్లా తొడలకు రుద్దుకున్నాను, పోలేదు. పది సెంటీమీటర్ల వెడల్పు చెక్క, డిసెంబరు చలికి కాలివేళ్లు నావి కానట్టున్నాయి. ఎక్కడం ఎక్కాను. వెనక్కి వాక్‌ఓవర్‌లో చేయి ఆనింది, జారింది. చప్పుడు కూడా పెద్దగా రాలేదు, ఎవరో దిండు పడేసినట్టు. మళ్లీ ఎక్కి పూర్తి చేశాను. సరే, ఒక్కటే కదా, పారేస్తారు అనుకున్నాను. నాలుగో అమ్మాయి కూడా పడింది.

అర పాయింటు కంటే తక్కువ తేడాతో మూడో స్థానం పోయింది. పడితే పోయేది సరిగ్గా అర పాయింటు.

సారు తిట్టలేదు. "కాళ్లు వేడెక్కలేదా అమ్మా?" అని ఒక్క మాట అడిగారు. తిట్టినా బాగుండేది. తిరుగు రైల్లో, కాలికి కట్టుతో పడుకున్న ఆ అమ్మాయి నా చేయి పట్టుకుని "సారీ, నా వల్ల నువ్వు సడన్‌గా దిగాల్సి వచ్చింది" అంది చూడు, అప్పుడు బాత్‌రూమ్‌లోకి వెళ్లి తలుపేసుకున్నాను. దానికి పకోడీల సంగతి తెలియదు. ఇప్పటికీ తెలియదు. నలభై ఏళ్లు దాటాయి, ఎవరింటికైనా వెళ్తే ఆలూ పకోడీ పెడితే గ్యాస్ అని చెప్పి తప్పించుకుంటాను. మీ పెదనాన్న నిజంగా గ్యాసే అనుకుంటారు.

అందుకే చెప్తున్నా, మందలించినట్టుంటే ఉండనీ. వాక్-ఆన్‌గా వెళ్తే మొదటి ఏడాది, బహుశా రెండో ఏడాది కూడా నీ పేరు చాలా లిస్టుల్లో ఉండదు. నువ్వు చిన్నప్పటి నుంచీ నీ క్లబ్‌లో ఫస్ట్, బయట కూర్చోవడం నీకు అలవాటు లేదు, మొహం ముడుచుకుంటావు, నాకు తెలుసు, అచ్చం నా మొహమే కదా నీది. ముడుచుకో, కానీ చెమట పట్టాక ముడుచుకో. లైనప్‌లో నీ పేరు లేని రోజునే ఎక్కువ వార్మప్ చెయ్యి. జడ వేసుకో. కాళ్లకు టేప్ చుట్టుకో. ఏడో మనిషి కూడా ఆరో మనిషిలాగే వేడిగా ఉండాలి. ఎవరికీ దెబ్బ తగలాలని కోరుకోకు. అలాంటి ఆలోచన వస్తుంది, ఎందుకు రాదూ, నాకూ వచ్చింది ఆ ముందురోజు రాత్రి. మర్నాడు అదే జరిగేసరికి ఎన్నేళ్లు భయపడ్డానో నీకు చెప్పలేను.

ఇంకో భయం కూడా ఉంది నాకు. ఆ కుపెట్స్ పిల్లకు 2003 ప్రపంచ పోటీలప్పుడు ఒకసారి, 2008 కాలేజీ సీజన్‌లో మళ్లీ ఒకసారి మడమ పైన నరం తెగింది, అదే మీరు అకిలీస్ అంటారు. 2009లో తిరిగొచ్చి నాలుగు ఈవెంట్లూ కలిపి చూసే ఆల్‌రౌండ్ గెలిచింది. అందరూ ఆ గెలుపు గురించే చెప్తారు. మధ్యలో ఆ తల్లి ఎన్ని రాత్రులు నిద్రపోయిందో ఎవరూ చెప్పరు. పిక్క పట్టేసినా, మడమ పొద్దున్నే బిగుసుకున్నా దాచకు. "ఏం లేదు పెద్దమ్మా" అనకు. నీ గొంతు వింటే నాకు తెలిసిపోతుంది. తిండి మానకు. లియోటార్డ్‌లో పొట్ట కనిపిస్తోందని ఎవరైనా అంటే వాళ్ల నంబరు నాకు పంపు, నేను మాట్లాడతాను.

స్కోర్ల లెక్క నీకు తెలుసుగా, సీజన్‌లో టీమ్ చేసిన స్కోర్లలో మంచివి ఆరు తీసుకుంటే అందులో మూడైనా బయటి ఊళ్లలో చేసినవి ఉండాలి, వాటిలో పెద్దది తీసేసి మిగిలిన ఐదింటికి సగటు. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అయితే కుదరదని వాళ్లు కూడా గట్టిగానే కనిపెట్టారు. ఆ సగటును బట్టే ఎస్ఈసీలో పై నాలుగు టీమ్‌లు రాత్రి సెషన్‌లో, కింది నాలుగు మధ్యాహ్నం సెషన్‌లో. మధ్యాహ్నం అయితే అవమానం అనుకోకు. డులూత్‌లో పెట్టిన ఏడాది ఆ హాలు మా ఇంటికి ఇరవై నిమిషాలు, 2023లో ఫ్లోరిడా గెలిచినప్పుడు రెండు సెషన్లూ కూర్చుని చూశాను, మధ్యాహ్నం పిల్లలు కూడా ప్రాణం పెట్టే చేశారు.

మన హైదరాబాద్ అమ్మాయి అరుణా రెడ్డి 2018లో మెల్‌బోర్న్ వరల్డ్ కప్‌లో వాల్ట్‌లో కాంస్యం తెచ్చినప్పుడు, ఎల్బీ స్టేడియంలో పెరిగిన పిల్ల అని ఇక్కడ గుళ్లో కనిపించిన ప్రతివాళ్లకీ చెప్పాను. "జిమ్నాస్టిక్సా, ఫ్యూచర్ ఏముంటుందండీ" అన్నాడు ఒకాయన. వాళ్లబ్బాయి కోడింగ్ నేర్చుకుంటున్నాడట. సంతోషం.

మీ అమ్మకు నేను ఫోన్ చేసి వెళ్లనివ్వమనే చెప్తాను. రేపు. ఇవాళ ఇంకా కాస్త భయపడనీ.

మార్చిలో ఎక్కడ పెట్టినా వస్తాను, మధ్యాహ్నం సెషన్ అయినా, నువ్వు ట్రాక్ సూట్ విప్పకుండా చప్పట్లు కొట్టే రోజైనా. ఇడ్లీలు, నల్లకారం తెస్తాను. డబ్బా కారులోనే ఉంచుతాను, చివరి రొటేషన్ అయ్యాకే తీస్తాను, ముందే అడగొద్దు.

మీ పెద్దమ్మ