రసవాది చేతికి మంత్రదండం ఎందుకు?

సందేహం: మేరీ షెల్లీ నవల 'ఫ్రాంకెన్‌స్టైన్'ను తెలుగు చేస్తున్నాను. కథానాయకుడు విక్టర్ చిన్నతనంలో చదివే అగ్రిప్పా, పారాసెల్సస్, ఆల్బర్టస్ మాగ్నస్‌లను 'క్షుద్ర మాంత్రికులు' అన్నాను. 'ఫిలాసఫర్స్ స్టోన్'ను 'తత్త్వవేత్త రాయి' అన్నాను. సరిపోతాయా?

సమాధానం: మొదటిది అన్యాయం, రెండోది అనవసరం.

క్షుద్రం అంటే నీచమైనది. ఆ మాట వినగానే తెలుగు పాఠకుడికి నాలుగు దారుల కూడలి, కోసిన నిమ్మకాయలు, చేతబడి గుర్తొస్తాయి. మీరు చెప్పిన ముగ్గురిలో ఆల్బర్టస్ 13వ శతాబ్దపు క్రైస్తవ సన్యాసి. క్యాథలిక్ చర్చి 1931లో ఆయనను పునీతుడిగా ప్రకటించింది కూడా. పునీతుణ్ని పట్టుకుని క్షుద్ర మాంత్రికుడంటే ఎలాగండీ! పారాసెల్సస్ ఖనిజాలతో మందులు చేసిన వైద్యుడు. ఇక అగ్రిప్పా 1533లో పూర్తిగా అచ్చు వేయించిన గ్రంథం పేరులోని లాటిన్ మాట 'ఒక్కుల్తా'కు దాగినది అనే అర్థం. అయస్కాంతం ఇనుమును ఎందుకు లాగుతుందో తెలియని రోజుల్లో ఆ గుణాన్నీ ఈ మాటతోనే చెప్పేవారు. కాబట్టి అగ్రిప్పాది 'గూఢవిద్య'. తక్కిన ఇద్దరినీ 'రసవాదులు' అనండి.

ఈ రసం పాదరసం. కావ్యచర్చలో రససిద్ధాంతాన్ని కూడా కొందరు రసవాదం అంటారు కనుక, మొదటిసారి వాడినప్పుడు 'లోహాలను బంగారం చేయజూసే' అని ఒక విశేషణం తగిలిస్తే చాలు.

'రసవాది' అనడానికి అసలు కారణం నవలలోనే ఉంది. అగ్రిప్పా పుస్తకాన్ని చెత్త అని తండ్రి తీసిపారేస్తాడు. విక్టర్ చదువుకోవడానికి వెళ్లిన ఇంగోల్‌స్టాట్ విశ్వవిద్యాలయంలో ఒక ఆచార్యుడు ఎగతాళి చేస్తాడు. రసాయన శాస్త్రం చెప్పే వాల్డ్‌మన్ మాత్రం, మన విజ్ఞానానికి పునాది వేసింది వాళ్లేననీ, వాళ్లు వెలికితీసిన వాటికి కొత్త పేర్లు పెట్టే సులువైన పని మనకు మిగిలిందనీ అంటాడు. విక్టర్‌ను ఆ శాస్త్రం వైపు తిప్పినవాడు ఆయనే. రసవాదం నుంచి రసాయనానికి నడిచిన ఆ దారి తెలుగులో 'రస' శబ్దంతోనే కనిపిస్తుంది. మాంత్రికుడని రాస్తే ఆ తీగ తెగిపోతుంది. 'క్షుద్రం' అనే మాటను మాథ్యూ లూయిస్ 1796 నవల 'ది మంక్'కు దాచుకోండి. అందులో నిజంగానే సైతానును రప్పిస్తారు.

రాయి సంగతి. మనకు 'పరుసవేది' ఉండగా తత్త్వవేత్తను రాళ్లు మోయించడం దేనికి? స్పర్శవేధి నుంచి వచ్చిన మాట ఇది. స్పర్శకు తద్భవం పరుసం. వేధ అంటే రసవాదుల పరిభాషలో లోహాన్ని మార్చడం. తాకి మార్చేది పరుసవేది. 'పరశువేది' అని మాత్రం రాయకండి. పరశువు గొడ్డలి.