గరాజ్‌లో ఆగిపోయిన సంచులు

2020 మార్చి

ప్రశ్న: మేం పద్నాలుగేళ్లుగా మెల్‌బోర్న్‌లో ఉంటున్నాం. మావారు ఐటీ ఉద్యోగి. నాలుగేళ్లుగా మా పేట లయన్స్ క్లబ్‌లో సభ్యులు, అందులో తెలుగువాళ్లు ఆయనొక్కరే. డిసెంబరు చివర్లో మా విక్టోరియా రాష్ట్రం తూర్పు కొసన ఈస్ట్ గిప్స్‌లాండ్ కార్చిచ్చుతో తగలబడుతున్నప్పుడు బట్టలు సేకరిద్దామని ఆయనే ముందుకొచ్చారు. మనవాళ్లు సంచులకు సంచులు ఇచ్చారు. వ్యాన్ అద్దెకు తీసుకుని అక్కడి బైర్న్స్‌డేల్ ఊరికి వెళ్తే పెట్టడానికి చోటు లేదన్నారట. ఆ సంచులన్నీ మా గరాజ్‌లోకి వచ్చాయి, ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. కారు వీధిలో ఉంటోంది. అప్పటినుంచి ప్రతి శుక్రవారం సాయంత్రం అక్కడ కాలిన పొలాలకు కంచెలు వేయడానికి వెళ్లి ఆదివారం రాత్రి వస్తున్నారు. ఏడు వారాలైంది. ఇంట్లో మాట్లాడరు, రాత్రి రెండింటికి లేచి కూర్చుంటారు. పాప ఆరో పుట్టినరోజుకు కూడా లేరు. ఏమైనా అంటే ‘అక్కడ ఇళ్లు పోయాయి, నీకేం పోయింది?’ అంటారు. మా పొదుపులోంచి మూడు వేల డాలర్లు తీశారని బ్యాంకు స్టేట్‌మెంట్ చూస్తే తెలిసింది. అత్తయ్య మా దగ్గరే ఉన్నారు, అవనిగడ్డ పక్కన ఊరు. ‘నా కొడుకు పుణ్యం చేస్తుంటే అడ్డుపడతావా’ అంటారు. నేను స్వార్థపరురాలినా?

— ఒక సోదరి, మెల్‌బోర్న్

జవాబు: కాదమ్మా. ఆ ప్రశ్నకు ఇంతకంటే పొడుగు జవాబు అక్కర్లేదు.

మీ ఉత్తరం రెండోసారి చదివినప్పుడు నన్ను ఆపింది డబ్బు కాదు, కంచెలూ కాదు, గరాజ్. తన కారుని ఎండకు వదిలేసి ఎవరికీ అక్కర్లేని బట్టలకు ఒక మనిషి ఏడు వారాలుగా నీడ ఇస్తున్నాడంటే, ఆ సంచుల్లో బట్టలే కాదు, ఇంకేదో ఉంది. అవమానమేమోనని నా అనుమానం. ఆయన మాట మీద తెలిసినవాళ్లంతా బీరువాలు ఖాళీ చేశారు. క్లబ్‌లో ఒకే ఒక్క తెలుగువాడిగా ఆయన ముందు నిలబడి తలకెత్తుకున్న పని అది. మూడున్నర గంటలు బండి నడిపి వెళ్తే వద్దన్నారు. తిరిగొచ్చాక ఆ సంగతి ఇచ్చినవాళ్లకు చెప్పారా? క్లబ్ మీటింగులో చెప్పారా? చెప్పి ఉంటే ఆ సంచులు ఈపాటికి ఎక్కడికో ఒకచోటికి కదిలేవి.

ఆ పొరపాటు ఆయనొక్కరిదీ కాదు, కొత్తదీ కాదు. 2009 ఫిబ్రవరి 7న విక్టోరియాలో 173 మంది మంటలకు బలయ్యారు, రెండు వేలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి. బ్లాక్ సాటర్డే అంటారు దాన్ని. అప్పుడు కాలిపోయిన కింగ్‌లేక్, మేరీస్‌విల్ ఊళ్ల పేర్లు వినపడితే అక్కడి పెద్దవాళ్లు ఇప్పటికీ ఒక్క క్షణం మాట ఆపుతారు. ఆ తర్వాత దేశమంతా కరిగిపోయి పంపిన సామాను 40 వేల ప్యాలెట్లకు (సరుకు పేర్చే చెక్క పలకలకు) పైమాటే. ఒక్కో ప్యాలెట్‌నీ దించడానికి ఫోర్క్‌లిఫ్ట్ కావాలి, దాచడానికి గోదాము కావాలి, విప్పి మంచీ చెడూ ఏరడానికి మనుషులు కావాలి. ఆ మనుషులు ఇంకో పని చేయాల్సినవాళ్లు. ఇల్లే పోయినవాడికి పది జతల బట్టలిస్తే ఏ గూట్లో సర్దుకుంటాడు? అందుకే ఈసారి జనవరి మొదట్లోనే విక్టోరియా ప్రీమియర్, అంటే ముఖ్యమంత్రి, డేనియల్ ఆండ్రూస్ వస్తువులు పంపొద్దు, డబ్బివ్వండి అని జనాన్ని కోరారు. డబ్బయితే ఎవరికి కావలసింది వాళ్లు కొనుక్కుంటారు, అదీ ఆ ఊరి కొట్లోనే కొంటారు, కొట్టు కూడా నిలబడుతుంది. మీవారి వ్యాన్ వెళ్లేసరికి ఆ మాట ఊరంతా తెలిసి ఉంటుంది, ఈయన ఉత్సాహానికి తప్ప. ఇందులో నవ్వుకోవడానికి చోటుంది. ఎప్పుడో ఒకరోజు మీరిద్దరూ నవ్వుకోవాలనే నా కోరిక.

కంచెల పని మాత్రం మానిపించకండి. ఆ పని చేసే బ్లేజ్‌ఎయిడ్ అనే సంస్థ పుట్టిందే ఒక కంచె దగ్గర. 2009 మంటల్లో కిల్మోర్ ఈస్ట్‌లో గొర్రెలు పెంచే బట్లర్ దంపతుల పొలం కంచెలు కాలిపోయాయి. సాయానికి వచ్చినవాళ్లతో ఆ పని త్వరగా అయిపోయేసరికి, మిగతా రైతులకూ ఇలాగే చేద్దామనుకున్నారు. కంచె లేకపోతే పశువు రోడ్డెక్కుతుంది, పక్కవాడి పొలంలో పడుతుంది, మిగిలిన గడ్డీ దక్కదు. ఊరి ఆటస్థలంలో క్యాంపు పెడతారు, వలంటీర్లు అక్కడే పడుకుంటారు. వాళ్లకు వండి పెట్టేవాళ్లలో చాలాసార్లు ఆ ఊరి లయన్స్, రోటరీ వాళ్లూ ఉంటారు. ఇంకో సంగతి. వైరు లాగుతూ, గుంజ పాతుతూ పక్కపక్కన నిలబడినవాడితో మాట్లాడాల్సిన పనిలేదు, మాట్లాడాలనిపిస్తే మొహం చూడకుండా మాట్లాడొచ్చు. మీవారికి ఇప్పుడు అది అవసరమనిపిస్తోంది. కానీ ప్రతి వారమూ అక్కర్లేదు. బ్లాక్ సాటర్డే ఊళ్లను మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ఏళ్ల తరబడి పరిశీలించారు. ఊరి సంఘాల్లో ఉన్నవాళ్ల మనసు మెరుగ్గా కుదుటపడిందట. మరీ ఎక్కువ సంఘాల్లో తలదూర్చినవాళ్లకు మాత్రం ఆ మేలు తగ్గిందట. బాగా దెబ్బతిన్న ఊళ్లలో ఐదేళ్ల తర్వాత కూడా దాదాపు ఐదుగురిలో ఒకరు ఇంకా తీవ్రంగా బాధపడుతూనే ఉన్నారు. అంటే ఇది ఈ వేసవితో తీరే పని కాదు. ఏడు వారాల్లో అలిసి పడిపోయేవాడికంటే, నెలకోసారి చొప్పున మూడేళ్లపాటు వచ్చేవాడే ఆ రైతుకు కావాలి. ఈ మాట ఆయనకు మీరు చెబితే సాధింపులా వినిపిస్తుంది. క్లబ్ ప్రెసిడెంట్‌తో చెప్పించండి. అక్కడి క్లబ్బుల్లో 2009 చూసిన పెద్దలు ఒకరిద్దరైనా ఉంటారు.

డబ్బు దగ్గర మాత్రం మెత్తబడకండి. లయన్స్ పద్ధతి మీరు చూసే ఉంటారు. హార్డ్‌వేర్ షాపు ముందు సాసేజ్‌లు కాల్చి, డిసెంబరులో క్రిస్మస్ కేకులు అమ్మి జనం దగ్గర వసూలు చేసింది ఒక ఖాతాలో ఉంటుంది, సభ్యుల చందా ఇంకో ఖాతాలో ఉంటుంది. జనం డబ్బు క్లబ్ ఖర్చులకు ముట్టుకోరు. దేనికెంతో మీటింగులో తీర్మానం ఉండాల్సిందే. అంత కట్టుబాటున్న సంఘంలో నాలుగేళ్లున్న మనిషిని మీరు సూటిగా అడగొచ్చు: మన మూడు వేలు ఏ తీర్మానం మీద వెళ్లాయి? కోపంగా కాదు, ట్రెజరర్ అడిగినట్టు. పెట్రోలుకి ఎంత, వైరుకి ఎంత, వ్యాన్‌కి ఎంత అని కాగితం మీద పెట్టమనండి. ఇకమీదట ఇంటినుంచి నెలకు ఇంత అని ఇద్దరూ కలిసి ఒక అంకె వేసుకోండి. ఇవ్వడం మీకూ ఇష్టమేనని నాకు తెలుస్తోంది. మీకు చెప్పకుండా ఇవ్వడమే మిమ్మల్ని గుచ్చింది.

ఇక ‘నీకేం పోయింది’ అన్న మాట. ఇది నాకు బొత్తిగా నచ్చలేదు. ఈస్ట్ గిప్స్‌లాండ్ తీరంలోని మల్లకూటలో డిసెంబరు 31 పొద్దున ఆకాశం నల్లబడి, తర్వాత ఎర్రబడి, జనం సముద్రపు ఒడ్డుకు పరిగెత్తిన దృశ్యం చూశాక, పాప కేకు కోసేటప్పుడు నాన్న లేడన్న బాధను తూకానికి పెడితే అది తేలిపోతుంది నిజమే. కానీ ఎవరు పెట్టమన్నారు తూకానికి? కాలిపోయిన ఇంటికి మీ పాప పుట్టినరోజు పోటీ కాదు. ఆయన ఆ మాట అన్నప్పుడు బైర్న్స్‌డేల్ గురించి ఒక్క ముక్క కూడా వాదించకండి. ‘నువ్వు లేవు. నాకు అది పోయింది’ అనండి. అక్కడితో ఆపి లేచి వెళ్లిపోండి. జవాబు కోసం నిలబడితే గొడవవుతుంది.

రాత్రి రెండింటికి లేవడం గురించి: కాలిన పొలాల్లో చచ్చిన పశువులుంటాయి, రైతులు చెప్పే కథలుంటాయి. ఆయన ఏం చూశారో, ఏం విన్నారో మీకు తెలియదు. లేచినప్పుడు పక్కన కూర్చుని మజ్జిగో మంచినీళ్లో ఇవ్వండి, ఏమైందని అడక్కండి. పగటిపూట మాత్రం జీపీ (మామూలు డాక్టరు) దగ్గరికి తీసుకెళ్లండి. మెంటల్ హెల్త్ ప్లాన్ రాసిస్తే సైకాలజిస్టు దగ్గర కొన్ని సిటింగులకు ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ ఖర్చులో కొంత భరిస్తుంది. ‘మనకెందుకు అవన్నీ’ అంటారు. నిద్ర పట్టట్లేదని వెళ్దాం అనండి, నిద్ర అంటే మగవాళ్లు వెళ్తారు. మీరు రాయలేదు కానీ అడగడం నా బాధ్యత: విసరడం, బెదిరించడం, చెయ్యి చేసుకోవడం ఏమైనా ఉందా? ఇలాంటి విపత్తుల తర్వాత ఇళ్లలో అది పెరుగుతుందని అక్కడి పరిశోధనల్లోనే తేలింది. ‘పాపం చాలా చూశాడు’ అని ఆడవాళ్లే దాన్ని కప్పెట్టారని కూడా తేలింది. ఉంటే పైన రాసినవన్నీ పక్కన పెట్టి గృహహింస సహాయ లైను 1800 737 732కి ఫోన్ చేయండి. ఏ వేళనైనా పలుకుతారు.

అత్తయ్యగారిని శత్రువుల లెక్కలో వేయకండి. అవనిగడ్డ పక్కన ఊరంటే ఆవిడ 1977 నవంబరు 19 ఉప్పెన చూసి ఉండాలి. దివిసీమలో ఆ రాత్రి ఏం పోయిందో చెప్పగలిగిన మనిషి మీ ఇంట్లోనే ఉంటే, మీవారు కంచెల దగ్గర ఎవరెవరి కథలో వింటున్నారు! ఒక ఆదివారం ఆయన్ని ఇంట్లో ఉంచి ఆవిడను అడగండి. అప్పుడు ఎవరెవరు వచ్చారు, ఏం తెచ్చారు, వాళ్లు తెచ్చినవాటిలో మీకు నిజంగా పనికొచ్చిందేమిటి? ఆవిడ ఏం చెబుతారో నాకు తెలియదు. కొడుకు మాత్రం వింటాడు.

వచ్చే సోమవారం విక్టోరియాలో లేబర్ డే, మూడు రోజుల సెలవు. అందరూ కలిసి బైర్న్స్‌డేల్ వైపు వెళ్లండి. ఖాళీ ఎస్కీ (ఐస్‌పెట్టె)తో వెళ్లి, తినేవీ తాగేవీ అక్కడి కొట్లలోనే కొని నింపుకురమ్మని జనవరి నుంచి ఒక పిలుపు తిరుగుతోంది కదా. వస్తువుల సాయంలో ఆయనకు తగిలిన దెబ్బకు ఇది సరైన మందు, ఈసారి ఇచ్చేది డబ్బు, తెచ్చుకునేది సరుకు. ఆయన వేసిన కంచె పాపకు చూపించమనండి. నాన్న ఎక్కడికి వెళ్తున్నాడో తన కళ్లతో తను చూడాలి.

తిరిగొచ్చాక వచ్చే శనివారం గరాజ్ తలుపెత్తండి. ఇచ్చినవాళ్లకు ఆయన చేతే ఒక మెసేజ్ పెట్టించండి: అక్కడ తీసుకోలేదు, మంచివి ఆప్‌షాప్‌కి (సేవాసంస్థల పాత బట్టల దుకాణానికి) ఇస్తున్నాం, ఎవరివి వాళ్లకు కావాలంటే ఆదివారంలోగా తీసుకెళ్లండి అని. ఆ మెసేజ్ రాయడానికి ఆయనకు గంట పట్టొచ్చు, తొందరపెట్టకండి. చిరిగినవి, మరకలున్నవి ఆప్‌షాప్ వాళ్ల నెత్తిన వేయకండి, వాళ్లకూ అది బరువే. సంచులు విప్పేటప్పుడు అత్తయ్యగారికి ఒక కుర్చీ వేయండి. ఏది కట్టుకోవడానికి పనికొస్తుందో, ఏది మసిగుడ్డకు పోతుందో ఆవిడ వేళ్లతో తడిమే చెప్పేస్తారు.