నల్గొండ నుంచి సముద్ర పరిశోధనలోకి దారి

జువాలజీ డిగ్రీ నల్గొండలో చేసి సముద్ర పర్యావరణ పరిశోధనకు పోవచ్చా అంటే, పోవచ్చు. ఎమ్మెస్సీ మెరైన్ బయాలజీకి కొచ్చిలోని కుసాట్ వర్సిటీ, తమిళనాడులో అన్నామలై వర్సిటీ వాళ్ల పరంగిపేట కేంద్రం పేరున్నవి. తర్వాత నెట్ జేఆర్ఎఫ్ (పరిశోధనకు ఫెలోషిప్ ఇచ్చే జాతీయ పరీక్ష), పీహెచ్‌డీ. డైవింగ్ అందరికీ కనిపిస్తది గానీ, రోజులు గడిచేది లెక్కల ముందే. ఆ లెక్కలకు వాడే కంప్యూటర్ భాష ‘ఆర్’ ఇప్పుడే నేర్చుకోండి. జాతీయ సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ ఉన్నది హైదరాబాద్‌లోనే.

సాధన మన నాగార్జున సాగర్ నీళ్లలోనే షురూ చేయొచ్చు. నీళ్లు ఎంత తేటగున్నయో కొలిచే 20 సెం.మీ. నలుపు-తెలుపు సెక్కీ పళ్లాన్ని తాడు కట్టి మధ్యాహ్నం పడవ నీడ వైపు దించండి. మాయమైన లోతు, పైకి లాగితే మళ్లీ కనబడిన లోతు, రెండింటి సగటే నీటి పారదర్శకత. బరువు చాలకపోతే తాడు ఏటవాలుగా పోయి లోతు ఎక్కువ చూపిస్తది. నైలాన్ తాడు తడిస్తే పొడవు మారొచ్చు, లోతు గుర్తులు తడి తాడు మీదే పెట్టండి.